సైడ్ ఇమేజింగ్ కొనే ముందు పడవ వెనక్కి వెళ్లి చూడండి: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఫిష్ ఫైండర్ (నీళ్లలోకి ధ్వని పంపి చేపల్నీ అడుగునీ తెర మీద చూపే సోనార్ పరికరం) కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ కంపెనీ బాగుంటుంది?" అని. ఆ తర్వాత "ఎన్ని మెగాహెర్ట్జ్?" అంటారు. సైడ్ ఇమేజింగ్, అంటే పడవకి రెండు పక్కలా నీటి అడుగుని బొమ్మలా చూపే రకం విషయంలో ఈ రెండు ప్రశ్నలూ తర్వాత అడగాల్సినవే. పడవ వెనక పలక మీద, బుడగలు లేని నీళ్లు తగిలే చోట, ఎడమకీ కుడికీ ఏ అడ్డమూ లేకుండా చూడగలిగే జానెడు జాగా ఉందా? ముందు ఇది తేల్చుకోవాలి. ఆ జాగా ఉంటే మధ్యరకం ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్లలో ఉండి ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని పట్టే భాగం) కూడా చక్కటి బొమ్మ ఇస్తుంది. లేకపోతే ఎంత ఖరీదైనది తగిలించినా తెరలో ఒక సగం నల్లగానో, చుక్కలు చుక్కలుగానో ఉండిపోతుంది.

నాది 18 అడుగుల ఫైబర్ పడవ. వెనక ఒకటే ఔట్‌బోర్డ్ ఇంజను, 9 అంగుళాల తెర, 455, 800, 1200 కిలోహెర్ట్జ్ మూడింటిలోనూ పనిచేసే ట్రాన్సమ్ ట్రాన్స్‌డ్యూసర్ (ట్రాన్సమ్ అంటే పడవ వెనక పలక). ఉప్పునీళ్లలోనూ మంచినీళ్లలోనూ కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఎక్కడ పెడితే బొమ్మ ఎలా మారుతుందో చూద్దామని కావాలనే చోట్లు మార్చి మార్చి బిగించాను. స్నేహితుల అల్యూమినియం పడవల మీద, చెక్క పడవల మీద వేరే కంపెనీలవి బిగించడానికి కూడా చేయి వేశాను. మోడల్ పేర్లు రాసి లాభం లేదు. అవి రెండేళ్లకోసారి మారిపోతాయి. బిగింపు దగ్గర వచ్చే తిప్పలు మాత్రం అన్నింటికీ ఒకటే.

అసలు ఇది ఏం చూపిస్తుంది

మామూలు సోనార్ పడవ కిందకి గుండ్రటి శంకువులా ధ్వనిని పంపుతుంది. సైడ్ ఇమేజింగ్ అలా కాదు. పడవ పొడుగు దిశలో చాలా సన్నగా, పక్కలకి చాలా వెడల్పుగా ఉండే రెండు కిరణాలను ఎడమకొకటి, కుడికొకటి పంపుతుంది. ప్రతి పల్స్‌కీ తిరిగొచ్చిన ప్రతిధ్వని తెర మీద ఒక అడ్డగీత అవుతుంది. పడవ కదిలేకొద్దీ గీత మీద గీత పేరుకుని బొమ్మ తయారవుతుంది. అందుకే పడవ ఆగితే బొమ్మ కూడా పనికిరాకుండా పోతుంది. కింద ఒకే రాయి ఉన్నా తెర మీద పొడుగ్గా సాగిపోతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1960ల్లో హెరాల్డ్ ఎడ్గర్టన్, మార్టిన్ క్లైన్ లాంటివాళ్లు తాడు కట్టి ఈడ్చుకెళ్లే సైడ్ స్కాన్ పరికరాలతో సముద్రం అడుగును చూపించారు. చిన్న పడవ వెనక బిగించుకునే స్థాయికి దాన్ని తెచ్చింది హమ్మిన్‌బర్డ్, 2005లో. తర్వాత లోరాన్స్ స్ట్రక్చర్‌స్కాన్ అనే పేరుతో, గార్మిన్ సైడ్‌వ్యూ అనే పేరుతో తమవి తెచ్చాయి. పేర్లు వేరైనా లోపల జరిగే పని ఒకటే.

తెర మధ్యలో నిలువుగా కనిపించే నల్లటి పట్టీ చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు. అది పాడవడం కాదు, పడవకీ అడుగుకీ మధ్య ఉన్న నీళ్లు. ఆ పట్టీ ఎంత వెడల్పుంటే లోతు అంత. దాని అంచు దగ్గర మొదటగా తెల్లగా మొదలయ్యేదే అడుగు. అక్కడి నుంచి బయటికి వెళ్లేకొద్దీ పడవకి దూరం పెరుగుతుంది. గట్టి ఇసుక, రాయి తెల్లగా మెరుస్తాయి. మెత్తటి బురద ధ్వనిని మింగేసి మసగ్గా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక లెక్క తెలిసి ఉండాలి. తెర మీద కనిపించే దూరం ట్రాన్స్‌డ్యూసర్ నుంచి వస్తువు దాకా ఏటవాలుగా కొలిచిన దూరం. లోతు 6 మీటర్లు, తెర మీద రాయి 10 మీటర్ల దగ్గర కనిపిస్తే, అడుగు మీద అది నిజంగా ఉన్నది పక్కకి 8 మీటర్ల దూరంలో. దూరంగా ఉన్న వస్తువుల విషయంలో ఈ తేడా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. దగ్గరగా ఉన్నవాటికి మాత్రం గల్లంతయ్యేంత తేడా వస్తుంది.

వస్తువు కంటే దాని నీడే ఎక్కువ కబుర్లు చెబుతుంది. చీకట్లో నేల మీద టార్చి పెట్టి పక్కకి వెలుగు వేస్తే చిన్న గులకరాయికి కూడా పొడుగు నీడ పడుతుంది కదా, ఇదీ అంతే. ధ్వని తగలని చోట నల్లగా నీడ పడుతుంది. నీడ పొడుగుని అడుగు నుంచి ట్రాన్స్‌డ్యూసర్ ఉన్న ఎత్తుతో గుణించి, నీడ చివరి దాకా ఉన్న దూరంతో భాగిస్తే వస్తువు ఎత్తు వస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ అడుగుకి 6 మీటర్ల పైన ఉంది, నీడ 4 మీటర్లు ఉంది, నీడ చివర 24 మీటర్ల దగ్గరుంది అనుకోండి. 4 గుణించు 6, భాగించు 24. ఆ దిబ్బ ఎత్తు దాదాపు ఒక మీటరు. చేపలకైతే ఇంకో సంగతి. అడుగుకి ఆనుకుని ఉన్న చేప నీడ దానికి అంటుకునే ఉంటుంది. పైకి లేచి ఈదుతున్న చేపకీ దాని నీడకీ మధ్య ఎడం ఉంటుంది. ఆ ఎడం ఎంత ఎక్కువైతే చేప అంత పైన ఉన్నట్టు. గేలం ఏ లోతుకి దించాలో నేను చాలాసార్లు దీన్ని చూసే నిర్ణయించుకుంటాను.

ఫ్రీక్వెన్సీ గురించి ప్రచారం ఎక్కువ

నీళ్లలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1500 మీటర్లు. ఆ లెక్కన 455 కిలోహెర్ట్జ్ తరంగం పొడుగు 3.3 మిల్లీమీటర్లు, 800 అయితే 1.9, 1200 అయితే 1.25. తరంగం చిన్నదైతే వివరం పెరుగుతుంది, కానీ నీళ్లు దాన్ని తొందరగా మింగేస్తాయి. ఉప్పునీళ్లు మరీ ఎక్కువ మింగుతాయి. మంచినీళ్ల చెరువులో 1200 మీద 30 మీటర్ల దాకా కొమ్మల్ని లెక్కపెట్టేంత స్పష్టంగా చూశాను. అదే సెట్టింగ్‌తో ఉప్పునీళ్లలోకి వెళితే బయటి సగం బూడిద చల్లినట్టయింది.

హమ్మిన్‌బర్డ్ 2016లో 1.2 మెగాహెర్ట్జ్, అంటే 1200 కిలోహెర్ట్జ్ తెచ్చినప్పటి నుంచి అందరి చూపూ పెద్ద అంకెల మీదే. నా వాడకంలో మాత్రం ఎక్కువ సమయం 455 మీదే గడుస్తుంది. తెలియని చోట వెతికేటప్పుడు పక్కకి 50, 60 మీటర్లు తుడుచుకుంటూ పోవాలి. అది 455 పని. దిబ్బో, మునిగిన చెట్టో, పాత వల ముక్కో కనిపించాక దాని పక్కగా దగ్గర్నుంచి ఇంకోసారి వెళ్లి చూడడం 800 లేదా 1200 పని. మూడూ ఉన్న ట్రాన్స్‌డ్యూసర్ దొరికితే తీసుకోండి. రెండే ఉన్నదాంట్లో ఎంచుకోవాల్సి వస్తే, ఉప్పునీళ్లలో తిరిగేవాళ్లు 455, 800 జంట తీసుకోండి. 1200 లేదని బెంగపడొద్దు.

దూరం ఎక్కువ పెట్టుకుంటే ఇంకో నష్టం ఉంది. పక్కకి 60 మీటర్లు చూడాలంటే ధ్వని వెళ్లి రావడానికి 120 మీటర్ల దారి, అంటే 0.08 సెకను. సెకనుకి పన్నెండు పల్స్‌లకి మించి వీలుపడదు. 4 నాట్ల వేగంతో వెళ్లే పడవ సెకనుకి 2 మీటర్లకి పైగా కదులుతుంది. కాబట్టి ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య 17 సెంటీమీటర్ల ఖాళీ. దూరాన్ని 30 మీటర్లకి తగ్గిస్తే ఖాళీ సగమవుతుంది. వేగం 8 నాట్లకి పెంచితే రెట్టింపవుతుంది. సన్నటి తాడో, చిన్న చేపో ఎందుకు కనిపించలేదని యూనిట్‌ని తిట్టుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే కోపం తగ్గుతుంది. నా మామూలు వేగం 3 నుంచి 5 నాట్లు. దూరం లోతును బట్టి: 5 మీటర్ల లోతులో పక్కకి 20, 25 మీటర్లు, 10 మీటర్ల లోతులో 40 దాకా.

కొనేటప్పుడు చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. తెర ఉన్న యూనిట్‌కి సైడ్ ఇమేజింగ్ సామర్థ్యం ఉండాలి. అది లేని యూనిట్‌కి ఎంత మంచి ట్రాన్స్‌డ్యూసర్ తగిలించినా బొమ్మ రాదు. ఒక కంపెనీ ట్రాన్స్‌డ్యూసర్ ఇంకో కంపెనీ యూనిట్‌తో పనిచేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఒకే కంపెనీలో కూడా కనెక్టర్ పిన్నుల సంఖ్య తరానికో రకంగా ఉంటుంది. అడాప్టర్ పెడితే ప్లగ్ పడుతుంది, కానీ కొన్నిసార్లు సైడ్ ఇమేజింగ్ మాత్రం రాదు. ట్రాన్స్‌డ్యూసర్ పొడుగు కూడా చూడండి. అదే ఫ్రీక్వెన్సీలో పొడుగు ఎక్కువున్నదాని కిరణం సన్నగా ఉంటుంది, దూరంలో ఉన్న వస్తువులు చెదిరిపోకుండా కనిపిస్తాయి. అయితే పొడుగైనదానికి జాగా కావాలి. మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాం.

పడవ లోపల అడుగుకి అతికించి ఫైబర్ గుండా ధ్వని పంపే పద్ధతి మామూలు సోనార్‌కి పనిచేస్తుంది. సైడ్ ఇమేజింగ్‌కి పనిచేయదు, ఆ దారిలో వెళ్లకండి. లోపలే ఇంజను ఉండే పెద్ద పడవలకి అడుగుకి రంధ్రం చేసి రెండు వైపులా చెరొకటి బిగించే జంట ట్రాన్స్‌డ్యూసర్లు ఉన్నాయి. వాటికి పడవని ఒడ్డెక్కించాలి, తెలిసిన పనివాడు కావాలి. ముందువైపు ట్రోలింగ్ మోటారుకి (పడవని నెమ్మదిగా నడిపే చిన్న కరెంటు మోటారు) బిగించుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ నీళ్లు శుభ్రంగా ఉంటాయి, ఇంజను అడ్డం ఉండదు. కానీ మోటారు తల తిప్పినప్పుడల్లా కిరణం కూడా తిరుగుతుంది, బొమ్మ మెలికలు పోతుంది. తక్కువ లోతులో నెమ్మదిగా తిరిగేవాళ్లకి అది సరిపోతుంది. నాకు నచ్చలేదు.

చోటు

ఇక అసలు విషయం. వెనక నుంచి చూసినప్పుడు ప్రొపెల్లర్ గడియారం ముల్లు దిశలో తిరిగితే ట్రాన్స్‌డ్యూసర్ కుడివైపు పెట్టాలి. అటువైపు రెక్కలు కిందకి దిగుతుంటాయి, ఎడమవైపు పైకి లేస్తూ నీటిని కలతపెడతాయి. వ్యతిరేక దిశలో తిరిగేదైతే ఎడమవైపు పెట్టాలి. ప్రొపెల్లర్ నుంచి కనీసం 38 సెంటీమీటర్ల ఎడం ఉండాలని చాలామంది తయారీదారులు చెబుతారు. ఇంజనుని రెండు చివరలకీ పూర్తిగా తిప్పి, ఎత్తి, దింపి చూసుకుని అప్పుడు కొలవండి. నిటారుగా ఉన్నప్పుడు కొలిచిన దూరం మలుపులో పనికిరాదు.

పడవ అడుగున పొడుగ్గా ఉండే గట్లు, రివెట్ల వరసలు, నీళ్లు లాగే రంధ్రాలు ఇవన్నీ బుడగలు పుట్టిస్తాయి. వాటి వెనక సూటిగా పెట్టొద్దు. రెండు గట్ల మధ్య చదునుగా ఉన్న చోటు వెతకండి. దీనికి మంచి ఉపాయం ఒకటుంది. పడవ వేగంగా వెళుతున్నప్పుడు ఇంకొకళ్ల చేతికి చుక్కాని ఇచ్చి, వెనక నుంచి జాగ్రత్తగా వంగి నీళ్లు ఎక్కడ గాజులా నునుపుగా వదులుతున్నాయో, ఎక్కడ తెల్లగా నురగ కడుతున్నాయో చూడండి. లైఫ్ జాకెట్ వేసుకునే. గాజులా ఉన్న చోటే మనకి కావాల్సింది.

నేను ప్రొపెల్లర్‌కి దగ్గరగా పెట్టి చూసినప్పుడు నెమ్మదిగా వెళ్లేటప్పుడు బొమ్మకి ఏమీ కాలేదు. వేగం కొంచెం పెంచగానే తెరంతా చుక్కలు. పడవ అంచు వైపు జరిపి పెట్టినప్పుడు నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి, కానీ పడవ ఊగినప్పుడల్లా ట్రాన్స్‌డ్యూసర్ గాల్లోకి తేలి బొమ్మలో నల్లటి అడ్డపట్టీలు పడ్డాయి. ఆఖరికి మధ్య రేఖకీ అంచుకీ నడుమ, రెండు గట్ల మధ్య కుదిరింది. అప్పటి నుంచి అక్కడే ఉంది.

కుడివైపు పెట్టినా ఎడమవైపు చూపు సంగతేమిటి? ఇక్కడే చాలామంది బొక్కబోర్లా పడతారు. కుడివైపు పెట్టిన ట్రాన్స్‌డ్యూసర్‌కీ ఎడమవైపు నీటి అడుగుకీ మధ్య ఇంజను కాలు (నీళ్లలోకి దిగే కింది భాగం) ఉంటుంది. అదృష్టవశాత్తూ కిరణం పడవ పొడుగు దిశలో చాలా సన్నం. ట్రాన్స్‌డ్యూసర్ ఇంజను కాలు కంటే ముందుగా, పలకకి దగ్గరగా ఉంటే కిరణం ఇంజను ముందు నుంచి దాటిపోతుంది. రెండూ ఒకే వరసలోకి వస్తే మాత్రం ఎడమ సగంలో నల్లటి చీకటి పడుతుంది. పొడుగాటి బ్రాకెట్ పెట్టి ట్రాన్స్‌డ్యూసర్‌ని వెనక్కి జరిపితే ఇదే జరుగుతుంది. జాక్ ప్లేట్ (పలకకీ ఇంజనుకీ మధ్య పెట్టే బిగింపు) ఉన్న పడవల్లో ఇంజను ఇంకా వెనక్కి ఉంటుంది కాబట్టి, పలకకి బిగించిన ట్రాన్స్‌డ్యూసర్‌కి చూపు బాగుంటుంది. అదే ట్రాన్స్‌డ్యూసర్‌ని జాక్ ప్లేట్‌కే బిగిస్తే ఆ లాభం పోతుంది, మళ్లీ ఇంజను ఎదురొస్తుంది. నెమ్మదిగా వెతికేటప్పుడు ఇంజనుని కొంచెం పైకి ట్రిమ్ చేస్తే, అంటే వంచి ఎత్తితే కొంత ఉపశమనం. ప్రొపెల్లర్ నీళ్లలోనే ఉండాలి, ఇంజనుకి చల్లటి నీళ్లు అందుతూ ఉండాలి, అది మర్చిపోవద్దు. ట్రిమ్ ట్యాబులు (పడవ వాలు సరిచేసే చిన్న రెక్కలు), మెట్ల నిచ్చెన, పక్కన తగిలించిన చిన్న ఇంజను కూడా ఇలాగే అడ్డం వస్తాయి. కొనే ముందు అట్టముక్కని ట్రాన్స్‌డ్యూసర్ సైజులో కత్తిరించి పలకకి టేపుతో అంటించి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఎడమకీ కుడికీ చూడండి. కంటికి ఏం అడ్డం వస్తుందో ధ్వనికీ అదే వస్తుంది.

మట్టం, ఎత్తు

పడవ అడుగు ఆంగ్ల అక్షరం వి ఆకారంలో ఉంటుంది కాబట్టి, బ్రాకెట్‌ని అడుగు వాలుకి సమాంతరంగా బిగించాలని చేయి లాగుతుంది. అలా చేస్తే ఒకవైపు కిరణం నీటి అడుగున నేలలోకి గుచ్చుకుంటుంది, రెండోవైపుది నీటి పైకి చూస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ మట్టంగా ఉండాల్సింది నీటి ఉపరితలానికి. ఒడ్డున ట్రైలర్ మీద రసమట్టం పెట్టి సరిచూసుకున్నా నమ్మకం లేదు. మనుషులు ఎక్కాక, ఇంధనం నింపాక పడవ కూర్చునే తీరు మారుతుంది. నీళ్లలో మామూలు బరువుతో పడవ ఎలా తేలుతుందో చూసి, పలక మీద నీటి గీతని పెన్సిల్‌తో రెండు చోట్ల గుర్తుపెట్టుకోండి. ఆ గీతకి సమాంతరంగా బిగిస్తే చాలు. ముందుకీ వెనక్కీ కూడా మట్టంగానే ఉండాలి. మూతి మరీ పైకో కిందకో వంగి ఉంటే నీళ్లు దాని ముఖం మీదుగా నునుపుగా సాగవు.

సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి చదునైన అడుగున్న చోట నెమ్మదిగా తిన్నగా వెళ్లండి. తెర రెండు సగాలూ ఒకే వెలుగుతో, ఒకే దూరం దాకా కనిపించాలి. ఒకవైపు ఎప్పుడూ మసగ్గా ఉంటే బ్రాకెట్ వంకర. ఎదురు దిశలో ఇంకోసారి వెళ్లి చూడండి. మసక తెర మీద అదే వైపు ఉండిపోతే తప్పు బిగింపుది. వైపు మారితే తప్పు అడుగుది, అక్కడ నేల వాలుగా ఉందన్నమాట.

ఎత్తు విషయంలో మామూలు ట్రాన్సమ్ ట్రాన్స్‌డ్యూసర్లకి చెప్పే లెక్క ఫైబర్ పడవకి అడుగు కంటే 3 మిల్లీమీటర్లు, అల్యూమినియానికి 9 నుంచి 10 మిల్లీమీటర్లు కిందకి. సైడ్ ఇమేజింగ్‌కి ఇంకొంచెం కిందకి దింపితే చూపు బాగుపడుతుంది. దింపేకొద్దీ వేగంలో నీళ్లు కోడిపుంజు తోకలా వెనక ఎగజిమ్ముతాయి, లాగుడు పెరుగుతుంది, తేలే దుంగ తగిలితే విరిగే ప్రమాదమూ పెరుగుతుంది. నేను ముందు చెప్పిన లెక్క ప్రకారం పెట్టి, బొమ్మ చూస్తూ కొంచెం కొంచెంగా దింపాను. నీళ్లు ఎగజిమ్మడం మొదలవగానే ఒక్క మెట్టు పైకి తీశాను. దెబ్బ తగిలితే పైకి ఎగిరే బ్రాకెట్ తప్పనిసరి. నా ట్రాన్స్‌డ్యూసర్ ఇంకా బతికుందంటే దాని పుణ్యమే.

రంధ్రాలు, సీలెంట్

నీటి గీత కింద వేసే ప్రతి రంధ్రం ఒక టెన్షన్. అందుకే పడవ వెనక పలకకి మొదట మందపాటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పలకని బిగించి, ట్రాన్స్‌డ్యూసర్ బ్రాకెట్‌ని దానికి తగిలించమని నా గట్టి సలహా. చోటు ఎన్నిసార్లు మార్చినా రంధ్రాలు పడేది ఆ పలకకే, పడవకి కాదు. నేను అన్ని చోట్లు ప్రయోగం చేయగలిగింది ఇది ఉండబట్టే. హెచ్‌డీపీఈకి జిగురు సరిగ్గా పట్టదు, కాబట్టి దాన్ని పడవకి స్క్రూలతోనే బిగించాలి.

స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వాడండి. ఫైబర్ పడవైతే రంధ్రం నోటిని కొంచెం వెడల్పు చేసి అప్పుడు స్క్రూ వేయండి, లేకపోతే పై పూత పగుళ్లిస్తుంది. నీటి కింద వాడదగిన పాలీయూరిథేన్ సీలెంట్ రంధ్రంలోకీ, స్క్రూ మరలకీ కూడా పట్టించాలి. బాత్రూమ్‌లో వాడే సిలికాన్ ఇక్కడ వద్దు. ఎప్పటికీ ఊడని రకం సీలెంట్ కూడా వద్దు, రేపు తీయాల్సి వస్తే పై పూత కూడా ఊడొస్తుంది. తీయడానికి వీలున్న రకం తీసుకోండి.

అల్యూమినియం పడవకి స్టీల్ స్క్రూ వేస్తే, ముఖ్యంగా ఉప్పునీళ్లలో, రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియాన్ని తినేస్తుంది. మధ్యలో దీన్ని ఆపే పేస్టు రాయాలి. అడుగుకి రంధ్రం చేసి పెట్టే కంచు ట్రాన్స్‌డ్యూసర్లు అల్యూమినియం పడవకి అసలు పనికిరావు. చెక్క పడవకి అడుగు రంధ్రంలో ప్లాస్టిక్ బాడీది పెట్టొద్దు. చెక్క నీళ్లు తాగి ఉబ్బితే ప్లాస్టిక్ చిట్లుతుంది.

వైరు

కేబుల్ ఎంత పొడుగు మిగిలినా కత్తిరించొద్దు. మిగిలినదాన్ని వదులుగా మడిచి కట్టండి. ఇంజను వైర్ల పక్కన, ట్రోలింగ్ మోటారు కరెంటు వైర్ల పక్కన, రేడియో కేబుల్ పక్కన దాన్ని పరిగెత్తించకండి. కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఫ్యూజుతో తీసుకోవాలి. వీలైతే ఎలక్ట్రానిక్స్‌కి వేరే బ్యాటరీ పెట్టుకోండి. ఇంజను స్టార్టయ్యేటప్పుడు వోల్టేజీ పడిపోయి యూనిట్ ఆగి మళ్లీ మొదలవడం చూస్తే ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది.

తెర మీద ఏటవాలు గీతలు, చుక్కల వరసలు కనిపిస్తే పట్టుకునే పద్ధతి సులువు. పడవ కదలకుండా ఇంజను ఆపి, అన్నీ కట్టేసి, సోనార్ ఒక్కటే ఆన్ చేయండి. బొమ్మ శుభ్రంగా ఉంటే ఒక్కొక్కటిగా పంపు, లైట్లు, ఛార్జర్, ఇంజను ఆన్ చేస్తూ పోండి. ఏది ఆన్ చేయగానే గీతలు మొదలయ్యాయో అదే దొంగ. నా పడవలో అది ఫోను ఛార్జర్. ఇంకో పడవ దగ్గర్లో అదే ఫ్రీక్వెన్సీ వాడుతున్నా, మీ పడవలోనే రెండో సోనార్ ఆన్‌లో ఉన్నా ఇలాంటి గీతలే వస్తాయి.

వాడకంలో తెలిసొచ్చినవి

తిన్నగా వెళ్లడం అలవాటు చేసుకోవాలి. మలుపులో లోపలివైపు బొమ్మ సాగిపోతుంది, బయటివైపు ఇరుకైపోతుంది. మలుపులో కనిపించిన దేన్నీ నమ్మను. అల ఎక్కువున్న రోజు అడుగు గీత రంపపు పళ్లలా వస్తుంది. ఆ రోజు సెట్టింగులు మార్చి ఏం లాభం లేదు.

పక్కన కనిపించిన దిబ్బ మీద కర్సర్ పెట్టి గుర్తు వేసుకోవచ్చు. అదే ఈ పరికరంలో అన్నింటికంటే విలువైన సౌకర్యం. పడవ ఎటు చూస్తోందో యూనిట్‌కి కచ్చితంగా తెలిస్తేనే ఆ గుర్తు సరైన చోట పడుతుంది. దిక్సూచి సెన్సర్ లేకపోతే పడవ కదిలే దిశనే ముఖం అనుకుంటుంది. అడ్డగాలిలో, ప్రవాహంలో ఆ రెండూ ఒకటి కావు. అందుకే ముఖ్యమైన దిబ్బ దొరికితే ఎదురు దిశలో ఇంకోసారి వచ్చి మళ్లీ గుర్తు వేస్తాను. నిజమైన చోటు సాధారణంగా రెండు గుర్తుల మధ్యలో ఉంటుంది. జీపీఎస్ యాంటెన్నా ముందువైపు ఉండి ట్రాన్స్‌డ్యూసర్ వెనక ఉంటే ఆ తేడా కూడా కలుస్తుంది. కొన్ని యూనిట్లలో ఈ దూరం నింపే సెట్టింగ్ ఉంది, వెతికి నింపండి.

రికార్డు చేసి ఇంటికి వచ్చాక పెద్ద తెర మీద చూడడం నాకు ఇష్టమైన పని. రీఫ్‌మాస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఆ రికార్డులన్నీ కలిపి అడుగు పటం తయారుచేసుకోవచ్చు. పడవలో ఎండ పడ్డ తెర మీద తప్పిపోయిన వివరాలు అక్కడ దొరుకుతాయి.

ఇప్పుడు ముందుకి చూపించే లైవ్ సోనార్లు వచ్చాయి, ఇక సైడ్ ఇమేజింగ్ ఎందుకని కొందరు అంటారు. లైవ్ సోనార్ ఒక దిశలో, తక్కువ వెడల్పులో కదిలే చేపని చూపిస్తుంది. ఎక్కడ వెతకాలో ముందు తెలిస్తేనే అది ఉపయోగం. రెండు వైపులా కలిపి వంద మీటర్ల వెడల్పు తుడుచుకుంటూ పోయేది సైడ్ ఇమేజింగే. రెంటిలో ఒకటే కొనగలిగితే నేను ఇదే కొంటాను.

నచ్చని విషయాలూ ఉన్నాయి. చేప జాతిని ఇది చెప్పదు. మెరిసే చుక్కలు చూసి ఫలానా చేప అని పందెం కాసేవాళ్ల మాట నమ్మొద్దు. మీటరు, మీటరున్నర లోతులో కిరణం దాదాపు అడ్డంగా పోతుంది, నీడలు మరీ సాగిపోతాయి. పడవ సరిగ్గా కిందున్నది దీనికి సరిగ్గా కనిపించదు. అందుకే అదే ట్రాన్స్‌డ్యూసర్‌లోని కిందకి చూసే సోనార్‌ని కూడా పక్క కిటికీలో తెరిచి ఉంచుతాను. వేగంగా వెళ్లేటప్పుడు సైడ్ ఇమేజింగ్ ఏ యూనిట్‌లోనూ పనికొచ్చేలా రాదు. ఒడ్డు నుంచో, లంగరు వేసుకునో పట్టేవాళ్లు దీని మీద డబ్బు పెట్టొద్దు.

నిర్వహణ పెద్దగా లేదు, కానీ వదిలేస్తే మాత్రం బొమ్మ నెమ్మదిగా చెడిపోతుంది. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద నాచు సన్నటి పొరలా పట్టినా చూపు తగ్గుతుంది. గుల్లలు పట్టుకుంటే చాకుతో గీకొద్దు. సబ్బు నీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడవండి. నీళ్లలోకి దింపే ముందు ముఖం మీద గిన్నెలు తోమే ద్రవ సబ్బు కొంచెం రాస్తే బుడగలు అంటుకోవు. పడవ ఎప్పుడూ నీళ్లలోనే ఉండేదైతే నాచు పట్టని రంగు పల్చగా వేయొచ్చు, నీటి ఆధారిత రకం మాత్రమే. కీటోన్ ఉన్న రంగులు ప్లాస్టిక్‌ని తినేస్తాయి.

ట్రైలర్ ఎక్కించేటప్పుడు రోలర్లకీ ట్రాన్స్‌డ్యూసర్‌కీ మధ్య ఖాళీ ఉందో లేదో బిగించే రోజే చూసుకోండి. నీళ్లలో విరిగే వాటికంటే ట్రైలర్ మీద విరిగేవే నేను ఎక్కువ చూశాను. బ్రాకెట్ పిన్ను వదులైందేమో నెలకోసారి చేత్తో కదిపి చూస్తాను, కేబుల్ పలక మీదుగా వచ్చే చోట రాపిడి ఉందేమో చూస్తాను. అదనపు బ్రాకెట్, పిన్ను, రెండు స్క్రూలు ఎప్పుడూ పడవ పెట్టెలో ఉంటాయి. ట్రాన్స్‌డ్యూసర్ కంటే ముందు అరిగేది, విరిగేది ఆ ప్లాస్టిక్ బ్రాకెట్టే.